‘ఒంటి రంగు’ అంటే ఎవరి ఒంటి రంగు?



పోయిన భాగంలో డప్పు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి రంగు గురించి. కొంచెం పొడుగుంటుంది, ఓపికతో చదవండి.

బతుకమ్మ సెలవులకు చింతమడక పోయాను. మా అక్కను ఇచ్చిన ఊరు. కేసీఆర్ సొంతూరుగా రాష్ట్రమంతటికీ తెలిసిన ఊరే. 2019 జూలైలో ముఖ్యమంత్రి హోదాలో వచ్చి ఇంటికి పది లక్షల చొప్పున సాయం ప్రకటించిన ఊరు. ఇవాళ ఆ ముచ్చట కాదు. మా మేనకోడలి చార్టు ముచ్చట.

పిల్ల ఆరో తరగతి. ఊళ్ళె బడి కాదు, బస్సెక్కి పోయే బడి. ఏ బడి అన్నది ఇక్కడ అక్కరలేదు. నేను పోయేసరికి పెద్ద కాగితపు చుట్ట ఒకటి తెచ్చి చాప మీద పరిచింది. నాలుగు చార్టులు అతికించిన కాగితం. దాని మీద నిలువెత్తు మనిషి బొమ్మ.

“డ్రాయింగ్ పీరియడ్‌ల నలుగురం కలిసి వేసినం మామా. నేను పొట్టిగున్న, చార్టుల సరిపోతనని నన్నే పండుకొమ్మన్నరు. నా చుట్టూరా పెన్సిల్‌తోటి గీసిండ్రు.”

తరవాత ఎవరికి నచ్చిన రంగు వాళ్ళు వేసుకోవచ్చని సార్ చెప్పాడట. ఒకరు జాకెట్టుకు పచ్చ, ఒకరు లంగాకు వంకాయ రంగు, ఒకరు జుట్టు. ఒంటి దగ్గరికి వచ్చేసరికి తకరారు వచ్చింది. రంగుల డబ్బాలో ఒక పుల్ల మీద ‘ఒంటి రంగు’ అని ఇంగ్లీషులో అచ్చయి ఉంది. లేత గులాబీ. మా పిల్ల వేరే రంగు కలుపుతానంది. డబ్బా తెచ్చిన పిల్ల ఒప్పుకోలేదు: “ఒంటి రంగంటె గిదే, రాసే ఉంది గదా.” సార్ కూడా చార్టు ఖరాబు చేయొద్దన్నాడు. ఆఖరికి బతిమాలితే ఒక పాదం మా పిల్లకు వదిలేశారు. ఎరుపు, పసుపు, కొద్దిగా నీలం కలిపి, తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుని, ఆ ఒక్క పాదానికి తన రంగు వేసింది.

“ఏం రంగు బిడ్డా ఇది?” అంటే, “చింతగింజ రంగు” అన్నది.

మిగతా చార్టులన్నీ గోడకు ఎక్కాయి. ఇది మాత్రం ఇంటికి వచ్చింది. రెండు రంగులుంటే బాగాలేదన్నారట. “మామా, గీసింది నన్ను. రంగేమో నాది కాదు. మరి గిది ఎవల బొమ్మ?” అని అడిగింది.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాడిని, నా దగ్గర జవాబు లేదు. పురుషసూక్తం పాదాల నుంచి శూద్రులు పుట్టారంటుంది. మనకు ఆ పాదం కూడా ఇవ్వలేదు. ఈ పిల్ల కొట్లాడి ఒక పాదం సంపాదించుకుంది. అక్కడి నుంచే చరిత్రలోకి పోదాం.

1. ముగ్గురి బొమ్మ

నలుగురు కలిసి ఒక మనిషి బొమ్మ వేయడం మన జిల్లాకు కొత్త కాదు. చింతమడక నుంచి ఒక పూట ప్రయాణం కూడా లేని చేర్యాల ఉంది. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడ్డప్పుడు పాత వరంగల్ జిల్లా నుంచి ఇటు వచ్చింది. నకాషీ పటాల ఊరు.

ఇవాళ చేర్యాల బొమ్మ అంటే అద్దాల ఫ్రేములో బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు, గోడకు తగిలించే మాస్కులు గుర్తుకొస్తాయి. అసలు పటం అది కాదు. మూడడుగుల వెడల్పున, నలభై, యాభై అడుగుల పొడుగున చుట్టగా ఉండే బట్ట. దాని మీద వరస వరసగా గడులు. ఒక్కో గడి విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ, రాత్రుల తరబడి కథ చెప్పేవాళ్ళు. కథ ఎవరిది? కులాలది. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు పాండవుల కథ. చాకలి వాళ్ళకు మడేలు పురాణం. గౌడులకు గౌడ పురాణం, మంగలి వాళ్ళకు అద్దపుసింగుల కథ. మన మాదిగలకు డక్కలి వాళ్ళు జాంబ పురాణం.

అంటే ఒక పటంలో మూడు చేతులు ఉంటాయి. కథ ఎవరి గురించో ఆ కులం. కథ చెప్పే ఆశ్రిత కులం. బొమ్మ వేసే నకాషీ. కుంచె నకాషీ చేతిలో ఉన్నా, ఏ గడిలో ఏ ఘట్టం రావాలి, ఎవరు ముందు, ఎవరు వెనక అనేది కథ చెప్పేవాడు చెప్పాలి. లేకపోతే ఆ పటం ముందు నిలబడి కథ చెప్పలేడు. కులానికి నచ్చకపోతే ఆ ఊళ్ళో గింజలు పుట్టవు. కూలి ఇచ్చి బొమ్మ వేయించుకున్న కింది కులాలు మనకు ఉన్నాయి అన్న సంగతి మన కళాచరిత్ర పాఠాల్లో ఎక్కడా రాదు. రాజు పోషించాడు, గుడి పోషించింది, నవాబు పోషించాడు అని చదువుకున్నాం. చాకలి, మంగలి, మాదిగ పోషించారని చదువుకోలేదు. 1998లో కీర్తన తంగవేలు బర్క్‌లీలో ఈ తెలంగాణ పటాల మీదనే పీహెచ్‌డీ చేశారు. జయధీర్ తిరుమలరావు గారు డక్కలి వాళ్ళ దాకా వెళ్ళి కథలు, పటాలు, వాద్యాలు సేకరించారు. హైదరాబాద్‌లో జగదీశ్ మిత్తల్ దంపతుల మ్యూజియంలో పాత పటాలున్నాయి. సాహిత్యం చదివే పిల్లలు ఈ మూడూ తెలుసుకోవాలి.

నకాషీ ఇంట్లో కూడా అది ఒక్కరి పని కాదు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత పెట్టాలి. ఆరాలి. పెద్దచెయ్యి గీతలు గీస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు రంగులు నింపుతారు. ముందు బొమ్మల చుట్టూ ఎర్రటి నేల నిండుతుంది. తరవాత ఒళ్ళు, బట్టలు, నగలు. ఆఖరున మళ్ళీ పెద్దచేతి నల్లగీత. ధనాలకోట వారి ఇల్లు ఈ పనిని ఇవాళ్టిదాకా మోసుకొచ్చింది.

పటం పాతబడితే పారేయరు. కొత్తది వచ్చాక పాతదాన్ని మనిషికి చేసినట్టు చేసి నీళ్ళలో కలిపేవాళ్ళు. అందుకే పాత పటాలు ఎక్కువ మిగల్లేదు. మన చరిత్ర మనమే గౌరవంగా నీళ్ళలో వదిలేశాం. బ్రాహ్మణుడి తాళపత్రాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తిరాసి దాచారు. మన పటాన్ని మళ్ళీ మళ్ళీ కొత్తగా వేయించుకున్నాం. రెండూ జ్ఞాపకం పెట్టుకునే పద్ధతులే. ఒకటి గ్రంథాలయానికి చేరింది, ఇంకొకటి చెరువుకు చేరింది.

2. పటం మీద ఒంటి రంగులు

ఇప్పుడు మా పిల్ల ప్రశ్న దగ్గరికి. నకాషీ పటంలో ఒంటి రంగు ఎవరి ఇష్టం?

ఎవరి ఇష్టమూ కాదు. దానికో కట్టుబాటు ఉంది. దేవుడికి నీలం, దేవతకు పసుపు. రాక్షసులకు గోధుమ, ముదురు రంగులు. మామూలు మనుషులకు గులాబీ, లేత ఛాయలు. దూరంగా కూర్చున్నవాడు, దీపపు వెలుతురులో, ఎవరు ఎవరో పోల్చుకోవాలంటే ఇలాంటి గుర్తు కావాలి. అంతవరకు అది పనికొచ్చే ఏర్పాటే.

కానీ ఒకసారి నిదానంగా చూడండి. ముదురు రంగు ఎవరి వాటాకు వచ్చింది? రాక్షసుడి వాటాకు. పటం ముందు చాప మీద కూర్చుని కథ వింటున్న మనిషి పొద్దంతా ఎండలో పొలంలో, వాగులో, తోలు లందలో పనిచేసి వచ్చినవాడు. తన కులపు కథే వింటున్నాడు. తన డబ్బుతో వేసిన పటమే. అందులో తన ఒంటి రంగు ఎవరి మీద కనపడుతోంది? పెట్టుబడి మనదే అయినా రంగుల భాష మనది కాలేదు. గులాబీ పుల్ల మీద ఇంగ్లీషు అక్షరాలు ఇవాళ అచ్చయినవి కావచ్చు. ఆ లెక్క మాత్రం పాతది.

అందుకే జాంబ పురాణం ముఖ్యం. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని ఆ కథ మొదలవుతుంది. మిగతా పురాణాల్లో ఎలుగుబంటిగా పక్కన నిలబడ్డ జాంబవుడు ఇక్కడ ఆదిమూలం. లోకానికి తాత. కింద పడేసిన కులం తన కథను తాను చెప్పించుకుంటే క్రమం ఎలా తారుమారవుతుందో అక్కడ చూడవచ్చు. నా విద్యార్థులకు నేనిచ్చే పని ఇది: మ్యూజియంలోనో పుస్తకంలోనో జాంబ పురాణం పటం కనపడితే, ముందు జాంబవుడి ఒంటి రంగు చూడండి. ఆ తరవాత అతని ఎదురుగా ఉన్న దేవతల రంగు చూడండి. కథలో వచ్చిన తిరుగుబాటు రంగులో కూడా వచ్చిందా అని రాసుకోండి. కథ మారడం, బొమ్మ మారడం ఒకేసారి జరగవు.

ఒక మాట మన వైపు తిరిగి కూడా చెప్పుకోవాలి. ఆ కథను మనకోసం మోసిన డక్కలి వాళ్ళను మాదిగలం మన గడప తొక్కనివ్వలేదు. వాళ్ళ కిన్నెర విన్నాం, వాళ్ళతో కూర్చుని తినలేదు. 2022లో దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చాక కిన్నెర పేరు తెలిసింది. 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైన వర్గీకరణ చట్టంలో డక్కల్ కులం మొదటి గ్రూపులో, అందరికంటే వెనకబడ్డ 15 కులాల్లో ఉంది. ఆ గ్రూపుకు ఒక శాతం. మనల్ని తక్కువ చేసినవాళ్ళను అడిగే నోటితోనే, మనం తక్కువ చేసినవాళ్ళ ముందు తల వంచాలి.

3. గోడ మీది నలుపు, పెళ్ళిచూపుల నలుపు

ఊరి బొమ్మ చదువుకున్న చిత్రకారుడి చేతికి వచ్చాక ఏమైంది? సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) డ్రాయింగ్ మాస్టారుగా బతుకుతూ నకాషీల ఒరవడిని తన కుంచెలోకి తెచ్చుకున్నారు. బోనాలు, బతుకమ్మ, కూలికి పోయే ఆడవాళ్ళు ఆయన బొమ్మల్లోకి వచ్చారు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం మన ఆడవాళ్ళ ఒంటికి ముదురు రంగే వేశారు. పెద్ద ఎర్రబొట్టు, ముదురు ఒళ్ళు, మెరిసే చీర. దేశమంతా ఆ బొమ్మల ముందు నిలబడింది.

మంచిదే. అయితే ఆ బొమ్మ తగిలించిన హాల్లోనే సంబంధాలు మాట్లాడుకుంటారు. గోడ మీది నల్లటి ఆడమనిషి కళ. సోఫా మీద కూర్చున్న నల్లటి ఆడపిల్ల సమస్య. “నల్లగున్నా కళగల మొహం” అంటారు. ఆ ‘నా’ అనే ఒక్క అక్షరంలో ఎంత చరిత్ర ఉందో చూడండి. తెల్లగా ఉన్నవాణ్ని మనం “ఎర్రగా బుర్రగా ఉన్నాడు” అంటాం. ఎవరూ “తెల్లగున్నా కళగల మొహం” అనరు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. నలుపంటే దళితుడు, తెలుపంటే అగ్రకులం అని నేను అనడం లేదు. అది అబద్ధం. మన వాడల్లో తెల్లటివాళ్ళున్నారు, అగ్రహారాల్లో నల్లటివాళ్ళున్నారు. కులం జాతి భేదం నుంచి పుట్టిందన్న వాదాన్ని బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’ (1936) నుంచి ‘అంటరానివారు’ (1948) దాకా కొట్టిపారేస్తూనే వచ్చారు. ముక్కు కొలతల లెక్కలు తీసుకుని, వాటితోనే ఆ వాదం నిలబడదని చూపించారు. కులం ఒంటి రంగులో లేదు. కానీ కులం మాట్లాడే భాషల్లో ఒంటి రంగు ఒకటి. అగ్రకులపు నల్లటి పిల్లను “కృష్ణుడి రంగు” అంటారు. మన పిల్ల నల్లగా ఉంటే కులం పేరే తీస్తారు. ఒకే రంగుకు రెండు పేర్లు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు.

4. డబ్బాలో చరిత్ర

ఈ గులాబీ పుల్లకు కూడా చరిత్ర ఉంది. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఇలాంటి రంగును చాలా ఏళ్ళు ‘మాంసపు రంగు’ అనే అర్థం వచ్చే పేరుతో అమ్మింది. నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, 1962లో, ఆ పేరు తీసి ఒక పండు పేరు పెట్టింది. 2020లో రకరకాల ఒంటి ఛాయలతో 24 పుల్లల డబ్బా తెచ్చింది. అదే 2020లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ‘ఫెయిర్’ పోయింది. పేరు పోయింది, డబ్బా అట్లాగే ఉంది.

అమెరికాలోనే కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రజ్ఞులు, భార్యాభర్తలు, చేసిన బొమ్మల పరీక్ష గురించి చాలామంది విని ఉంటారు. తెల్లబొమ్మ, నల్లబొమ్మ చూపించి ఏది మంచిదని పిల్లలను అడిగిన పరీక్ష. బడుల్లో వేర్పాటు చెల్లదని 1954లో బ్రౌన్ కేసులో వచ్చిన తీర్పు ఇలాంటి పరిశోధనలను లెక్కలోకి తీసుకుంది. వాళ్ళే ఇంకో పరీక్ష చేశారు. దాని గురించి తక్కువమందికి తెలుసు. అయిదు నుంచి ఏడేళ్ళ నల్లపిల్లలకు గీతబొమ్మ, రంగుపుల్లలు ఇచ్చి, “ఇది నువ్వే అనుకో, నీ రంగు వెయ్యి” అన్నారు. ఆకు, ఆపిల్ సరైన రంగే వేసిన పిల్లల్లో కొందరు తమ ఒంటి దగ్గరికి వచ్చేసరికి అసలు కంటే లేత రంగు వేశారు. కొందరు ఏ మనిషికీ లేని రంగు వేశారు. ఆ పిల్లలకు రంగులు తెలియక కాదు. తమ రంగు గురించి లోకం ఏమనుకుంటుందో తెలిసి.

1946లో బాబాసాహెబ్ డబ్ల్యూ.ఈ.బి. డుబాయ్‌కి ఉత్తరం రాసి, నీగ్రోల సమస్యకూ అంటరానివాళ్ళ సమస్యకూ ఉన్న పోలిక గురించి మాట్లాడారు. ఆ పోలిక మా అక్కవాళ్ళ చాప మీద నాలుగు చార్టుల రూపంలో పరుచుకుని ఉంది.

5. ఏప్రిల్ పదమూడు రాత్రి

మనం కలిసి వేసే మనిషి బొమ్మ ఇంకొకటి ఉంది. దాన్ని మనం కళ అనుకోం. ప్రతి ఏటా ఏప్రిల్ 14 ముందు రోజు వాడలో యువకులు చందాలు వేసుకుని, డబ్బాలు తెచ్చి, నిచ్చెన వేసి బాబాసాహెబ్ విగ్రహానికి రంగులు వేస్తారు. ఒకరు కోటు, ఒకరు టై, ఒకరు పుస్తకం, ఒకరు దిమ్మె. తెల్లారేసరికి కొత్త విగ్రహం.

కోటు నీలం అన్న దగ్గర ఎవరికీ అనుమానం లేదు. 1942లో నాగపూర్‌లో మొదలైన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ జెండా నుంచి నీలం మనతో నడిచి వస్తోంది. ఎవరూ మనకు ఇవ్వలేదు, మనం ఎంచుకున్నాం. ఇవాళ ఊరి బయట నీలం కనపడితే అక్కడ మనవాళ్ళు ఉన్నారని అర్థం. ఒక రంగును కులాలు దాటించి, రాష్ట్రాలు దాటించి తమ గుర్తుగా మార్చుకోవడం చిన్న పని కాదు.

మొహానికి వచ్చేసరికి? మీ ఊరి విగ్రహం గుర్తు చేసుకోండి. చాలా ఊళ్ళలో మొహం, చేతులు లేత గులాబీ. కొన్ని చోట్ల బంగారు రంగు. దుకాణంలో అదే దొరుకుతుంది, పెయింటరు అదే కలుపుతాడు, మనం అదే పూస్తాం. కోటు రంగు మనం ఎంచుకున్నాం. మొహం రంగు డబ్బా ఎంచుకుంది. చదువుకునే రోజుల్లో నేనూ ఒక ఏడు ఆ గులాబీ రంగు పూశాను. కుంచె నా చేతిలోనే ఉంది. ప్రశ్న మాత్రం రాలేదు. ఆరో తరగతి పిల్లకు వచ్చింది.

మన సాహిత్యం ఈ పని ముందే చేసింది. గోగు శ్యామల గారు 1921 నుంచి వచ్చిన దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చినప్పుడు ఆ పుస్తకానికి ‘నల్లపొద్దు’ అని పేరు పెట్టారు. అదే కాలంలో ఎండ్లూరి సుధాకర్ గారి ‘నల్లద్రాక్ష పందిరి’ వచ్చింది. నలుపుకు ‘నా’ తగిలించకుండా మాట్లాడడం దళిత కవులు, కథకులు నేర్పారు. మాటలో సాధించుకున్నది బొమ్మలో ఇంకా సాధించుకోవాలి.

6. చేయాల్సింది

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడిలో ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. మీ ఊరి బడిలో ఉన్నారా అని అడగండి. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సార్ తీసుకుంటున్నాడా అని అడగండి. కళ ఉన్నోళ్ళ పిల్లల సరదా కాదు. తన ఒళ్ళు తాను గీసుకుని, తన రంగు తాను కలుపుకునే గంట అది.

హాస్టళ్ళలో పనిచేసే మిత్రులకు ఒక సూచన. చార్టులు అతికించండి. ఒక పిల్లను పడుకోబెట్టి చుట్టూ గీయండి. డబ్బాలోంచి ఆ గులాబీ పుల్ల తీసేయక్కరలేదు, దాని మీది పేరు మాత్రం చింపేయండి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు ఇచ్చి, ప్రతి పిల్లా తన మోచేతి పక్కన పెట్టుకుని తన రంగు కలుపుకోమనండి. బొమ్మలో ఒక్కో భాగం ఒక్కొక్కరి రంగు. రంగుకు పేరు కూడా వాళ్ళనే పెట్టమనండి. నేరేడు, రేగడి, ఇటుక, జొన్నరొట్టె, చింతగింజ. ఆ బొమ్మ ఒక్క మనిషిలా ఉండదు. పరవాలేదు, అది ఒక్కరు వేసిన బొమ్మా కాదు.

వచ్చే ఏప్రిల్ పదమూడున నిచ్చెన ఎక్కే తమ్ముళ్ళూ, మొహానికి రంగు కలిపే ముందు ఒక్క నిమిషం ఆగి మీలో మీరు మాట్లాడుకోండి. ఏ రంగు అన్నది నేను చెప్పను. మాట్లాడుకుని ఎంచుకోండి, అంతే.

ఊరికి బయలుదేరే ముందు మా అక్క, “తమ్మీ, ఆ కాగితం ఈడనే ఉంటె ఎలుకలు కొడుతయ్, కొంచవో” అన్నది. తెచ్చుకున్నాను. ఇప్పుడు కాలేజీలో మా డిపార్ట్‌మెంటు గోడ మీద ఉంది. గులాబీ మనిషి, ఒక్క చింతగింజ పాదం. చూసినవాళ్ళంతా ముందు ఆ పాదం గురించే అడుగుతున్నారు.

వచ్చే వారం డక్కలి కిన్నెర గురించి మాట్లాడుకుందాం. మీ ఊరి విగ్రహం మొహానికి ఏ రంగుందో కింద రాయండి.

జై భీమ్.